మార్ఫిన్ వాడే క్యాన్సర్ రోగులలో కల్లు అలవాటు: నర్సింగ్ పరిశోధనలో ఎలా అడగాలి, ఎలా కొలవాలి?

ప్రశ్న: ఎం.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థిని, మహబూబ్‌నగర్

అందరికీ నమస్కారం. క్యాన్సర్ ముదిరి, నోటి ద్వారా మార్ఫిన్ (నల్లమందు జాతి నొప్పి మందు) తీసుకుంటున్న రోగులలో కల్లు అలవాటును నర్సు ఎలా తెలుసుకోవాలి, తెలుసుకున్నదానిని నొప్పి నివారణకు ఎలా ఉపయోగించాలి అనే అంశం మీద డిసర్టేషన్ చేయాలని అనుకుంటున్నాను. మా ప్రాంతం నుండి హైదరాబాదు వెళ్ళి, రేడియేషన్ పూర్తి చేసుకొని, ఇంటికి తిరిగివచ్చి నొప్పితో కాలం గడుపుతున్నవారిలో ఆడవారికైనా మగవారికైనా కల్లు అలవాటు ఉండడం ఇక్కడ ఎవరికీ కొత్త సంగతి కాదు. అయినా కేస్‌షీటులో ఆ ప్రస్తావన కనిపించదు. కనిపించినా మద్యం అలవాటు లేదన్న ఒక్క ముక్కతో ముగుస్తుంది. ఆ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్ర, మత్తు మందులు కలుస్తున్నాయని తెలిసి కూడా ఆ గడిని ఖాళీగా వదిలేయడం నాకు చాలా ప్రమాదకరంగా తోస్తున్నది.

మా గైడ్ మేడమ్ నొప్పి నివారణ, వ్యసనం రెండు వేర్వేరు అంశాలని, వాటిలో ఒకదానినే ఎంచుకోమని సలహా ఇచ్చారు. నాకున్న సందేహాలు రెండు. ఈ రెండింటినీ కలిపి అధ్యయనం చేయడం సాధ్యమేనా? అలవాటు గురించి అడిగి నమోదు చేస్తే, ఆ కారణం చూపించి రోగికి మార్ఫిన్ ఇవ్వడం ఆపేస్తారేమో కదా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: ఉపశమన చికిత్స విభాగం నర్సు, నల్లగొండ

చెల్లీ, మీరు ఎంచుకున్న అంశం చాలా అవసరమైనది. వార్డులో ఈ రెండూ ఏనాడూ విడిగా రావు కనుక పరిశోధనలో మాత్రం ఎందుకు విడదీయాలో నాకు అర్థం కాదు.

రోజూ కల్లు తాగే మనిషి ఆసుపత్రిలో చేరిన క్షణం నుండి కల్లు ఆగిపోతుంది. రెండవ రోజో మూడవ రోజో చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె వేగంగా కొట్టుకోవడం, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. కల్తీలో ఉన్నది ఆల్ప్రజోలమ్ అయితే ఇవి త్వరగానే బయటపడతాయి, డైజిపామ్ అయితే వారం దాకా కూడా ఆలస్యం కావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి లక్షణాలతోనే రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. క్యాన్సర్ రోగికి ఇదే స్థితి వస్తే మాత్రం ఎవరికీ ఆ ఆలోచన తట్టదు. మార్ఫిన్ ఎక్కువైందనో, జబ్బు మెదడుకు పాకిందనో, చివరి ఘడియలు వచ్చాయనో అనుకుంటారు.

ఈ పొరపాటు ఎందుకంత తీవ్రమైనదంటే, చికిత్స పూర్తిగా తలకిందులవుతుంది. క్యాన్సర్ రోగికి ఇతర కారణాల వల్ల మతి తప్పితే సాధారణంగా కలవరాన్ని అణిచే హాలోపెరిడాల్ అనే మందు వైపు చూస్తారు, డైజిపామ్ జాతి మందులు అటువంటి స్థితిని మరింత పెంచవచ్చు కనుక వాటికి దూరంగా ఉంటారు. కానీ కల్లు మానడం వల్ల వచ్చిన స్థితికి ఆ డైజిపామ్ జాతి మందులే అసలు చికిత్స. పైగా హాలోపెరిడాల్ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. అందువల్ల నర్సు దగ్గర ఉన్న ఒక్క సమాచారం, అంటే రోగి కడపటిసారి కల్లు తాగింది ఎప్పుడన్నది, డాక్టరు రాసే మందును మార్చివేస్తుంది. మార్ఫిన్ ఎక్కువైనప్పుడు కంటిపాపలు సూదిమొనలా కుంచించుకుపోతాయి, మత్తు ముంచుకువస్తుంది, కండరాలు ఉలిక్కిపడినట్లు అదురుతాయి, ఊపిరి నెమ్మదిస్తుంది. కల్లు ఆగిపోయినప్పుడు కంటిపాపలు విప్పారుతాయి, నాడి వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఈ తేడాను పట్టించే పరిశీలనా పట్టిక ఒకటి తయారుచేసి పరీక్షించినా మీ డిసర్టేషన్‌కు సార్థకత ఉంటుంది. ఇన్ఫెక్షన్, రక్తంలో కాల్షియం పెరగడం, మూత్రం బయటకు రాక నిలిచిపోవడం, మలబద్ధకం కూడా మనిషిని కలవరపెడతాయి కనుక వాటినీ అందులో చేర్చండి.

ఇక రెండవ ప్రమాదం ఇంటికి వెళ్ళాక మొదలవుతుంది. మార్ఫిన్ వేసుకుంటూనే మళ్ళీ కల్తీ కల్లు తాగితే రెండు మత్తులూ కలిసి ఊపిరిని అణచివేస్తాయి. ఇంటివారికి ఈ మాట విడమరచి చెప్పేవారు చాలా తక్కువ.

మా జిల్లాకు సంబంధించిన ఒక విషయం కూడా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవారిలో ఫ్లోరోసిస్ (తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు) వల్ల వచ్చిన వెన్ను నొప్పి, కీళ్ళ నొప్పి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ నొప్పికే చాలామంది సాయంత్రం కల్లు అలవాటు చేసుకున్నామంటారు. క్యాన్సర్ ఎముకలకు పాకిన తరువాత వచ్చే నొప్పి దాని మీద పడుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడూ, ఫ్లోరోసిస్‌లోనూ ఎక్స్‌రేలో ఎముక దట్టంగానే కనిపిస్తుంది కనుక పాత నొప్పి ఏది, కొత్త నొప్పి ఏది అన్న వివరాన్ని నర్సు ఓపికగా రాబట్టాలి. సున్నా నుండి పది వరకు అంకె చెప్పమంటే తడబడే పెద్దవారిని, మొదటి రోజు నొప్పిని రూపాయి అనుకుంటే ఇప్పుడు ఎంత మిగిలింది, బారాణనా, ఆఠాణనా, చారాణనా అని అడగండి, వెంటనే చెప్పగలుగుతారు.

జవాబు 2: నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు

పై జవాబులోని వైద్య విషయాలతో నేను ఏకీభవిస్తున్నాను. పద్ధతి గురించి మాత్రం కొంత చెబుతాను.

రెండు అంశాలనూ కలపడంలో తప్పు లేదు, కానీ ప్రశ్నను ఇరుకు చేయాలి. అలవాట్లన్నింటినీ, లక్షణాలన్నింటినీ కొలవాలని బయలుదేరితే డిసర్టేషన్ గడువు చాలదు. గుట్కా, బీడీ వివరాలను నేపథ్య సమాచారంగా ఉంచి, ప్రధాన దృష్టిని కల్లు మీదనే నిలపండి.

కొలమానం విషయంలో మద్యం అలవాటును కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళిని చాలామంది విద్యార్థులు ఆలోచించకుండా తీసుకుంటారు. అది తాగిన పరిమాణాన్ని ప్రామాణిక కొలతలలో అడుగుతుంది. కల్లు పొద్దున దించినప్పుడు ఉన్న ఘాటు సాయంత్రానికి అంతే ఉండదు, పులిసిన కొద్దీ పెరుగుతుంది. అందులో కలిపిన మందు ఎంతో అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అందుచేత ఆడిట్‌లో వచ్చే మొత్తం తక్కువగా ఉన్నంత మాత్రాన ప్రమాదం తక్కువని చెప్పలేము. అదే సంస్థ రూపొందించిన అసిస్ట్ ప్రశ్నావళి పొగాకు, మద్యం, నిద్రమాత్రలు, నల్లమందు జాతి వంటి పది వర్గాల గురించి విడివిడిగా అడుగుతుంది కనుక మీకు అది ఎక్కువ అనుకూలం. ఒక జాగ్రత్త తీసుకోవాలి. అది వైద్యుడు రాయకుండా వాడినదానినే లెక్కిస్తుంది, కాబట్టి చీటీ మీద రాసి ఇచ్చిన మార్ఫిన్‌ను అందులో చేర్చకూడదు. చేర్చితే మీ రోగులందరూ మత్తుకు బానిసలైనట్లు తప్పుడు ఫలితం వస్తుంది.

మూత్ర పరీక్ష పట్టీల మీద కూడా పూర్తిగా ఆధారపడవద్దు. డైజిపామ్ జాతిని అవి పట్టుకోగలిగినా క్లోరల్ హైడ్రేట్‌ను చూపించవు. మత్తు మానడం వల్ల కలిగే లక్షణాలకు 1989లో వచ్చిన సి.ఐ.డబ్ల్యు.ఏ. పట్టిక ఉంది, క్యాన్సర్ లక్షణాలకు 1991లో వచ్చిన ఎడ్మంటన్ పట్టిక ఉంది. వికారం, ఆందోళన వంటివి రెండింటిలోనూ ఉన్నాయి కనుక ఒకే లక్షణాన్ని రెండుసార్లు లెక్కించకుండా చూసుకోవాలి. ఇవన్నీ తెలుగులోకి తెచ్చిన తరువాత, మూలాన్ని చూడని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చడం తప్పనిసరి.

మీ రెండవ సందేహం నన్ను కూడా బాధపెట్టేదే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించినది మార్ఫిన్ వంటి అత్యావశ్యక నొప్పి మందులు గుర్తింపు పొందిన వైద్య సంస్థల ద్వారా రోగులకు సులభంగా అందాలనే. అలవాటు ఉన్న రోగికి నొప్పి మందు ఇవ్వరాదని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. అటువంటి రోగికి తక్కువ రోజుల మోతాదు ఇవ్వడం, మాత్రలు ఇంట్లో ఒకరి చేతిలో ఉంచడం, ఊపిరి వేగాన్ని గమనించడం వంటి జాగ్రత్తలు కావాలి. ఆ జాగ్రత్తల వల్ల నొప్పి అదుపు తగ్గకుండా ఉన్నదా లేదా అన్నది కూడా మీరు కొలవవచ్చు.

జవాబు 3: రోగి కుమారుడు, అచ్చంపేట

నేను వైద్య రంగానికి చెందినవాడిని కాదు. మా అమ్మకు నోటి క్యాన్సర్. ఆమెకు చిన్నప్పటి నుండి కల్లు అలవాటు. ఒక ఆసుపత్రిలో మొదటి రోజే అందరి ముందు గట్టిగా అడిగినందువల్ల ఆమె లేదని తల ఊపింది, మేమూ మౌనంగా ఉండిపోయాము. కల్లుగీత కులవృత్తి మీద మాట పడుతుందేమోనని, దుకాణం పేరు చెబితే ఎక్సైజ్ వారి దాకా పోతుందేమోనని, అన్నింటికీ మించి నొప్పి మందు ఆపేస్తారేమోనని మా భయం. తరువాత ఇంటికి వచ్చిన ఒక సిస్టరు పక్కన కూర్చొని, అమ్మా, ఇదివరకు నొప్పికి ఏమేం చేసుకున్నావు అని మొదలుపెట్టి, చెప్పినా మందు ఆపరని హామీ ఇచ్చిన తరువాత అమ్మ అన్నీ చెప్పింది. మీరు కూడా రోగిని మొదట నొప్పి గురించి అడగండి.

ప్రశ్న వేసిన విద్యార్థిని

అక్కకు, మేడమ్‌కు, అన్నకు కృతజ్ఞతలు. మార్ఫిన్ మీద ఉన్న రోగులు ఆసుపత్రిలో చేరిన మొదటి వారంలో కల్లు మానినందువల్ల వచ్చే లక్షణాలు, వాటిని నర్సులు గుర్తించే తీరు అన్నంత వరకే అంశాన్ని పరిమితం చేసుకుంటాను. అన్న చెప్పినదానిని బట్టి కుటుంబ సభ్యులతో కొన్ని విడి సంభాషణలు కూడా చేర్చాలని ఉంది. మేడమ్, అధ్యయనం మధ్యలో ఒక రోగి ప్రమాదకర స్థితిలో ఉన్నట్లు నాకు తెలిస్తే, గోప్యత హామీ ఇచ్చిన నేను ఏమి చేయాలి?

జవాబు 4: నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు

దీనిని ఎథిక్స్ కమిటీకి పంపే పత్రంలోనే రాయాలి, తరువాత ఆలోచిద్దామని వదిలివేయకూడదు. దుకాణం పేరు, ఊరి పేరు మీ పత్రాలలో ఎక్కడా నమోదు చేయవద్దు. అవి మీ ప్రశ్నకు అవసరం లేదు. కానీ ఫిట్స్ వచ్చే సూచనలు గానీ, మార్ఫిన్‌తో పాటు కల్లు తాగుతూ ఊపిరి మందగించే సూచనలు గానీ కనిపిస్తే వార్డు డాక్టరుకు ఆ నిమిషమే చెబుతారని, మరే ఇతర వివరమూ బయటకు వెళ్ళదని, చెప్పినందువల్ల నొప్పి మందు ఆగదని సమ్మతి పత్రంలో సులభమైన తెలుగులో రాసి, చదవలేనివారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించండి. ఆ చివరి మాట రాయడానికి ముందు వార్డు డాక్టరుతో మాట్లాడి ఆయన అంగీకారం తీసుకోండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ వార్డులో అధ్యయనం మొదలుపెట్టవద్దు.