అప్‌డేట్: ఆప్టిమైజేషన్ పోటీలలో అదృష్టం వాటా ఎంత?

ఆప్టిమైజేషన్ పోటీలలో (ఒకే సరైన జవాబు కాక, వీలైనంత మంచి స్కోరు తెచ్చే ప్రోగ్రాము రాయాల్సిన పోటీలు) ఒకే ప్రోగ్రామును రెండుసార్లు సమర్పిస్తే ర్యాంకు మారిపోతోందని, అలాంటప్పుడు ఈ పోటీలలో గెలిపించేది అదృష్టమా నైపుణ్యమా అని లోగడ అడిగాను. మీరు చెప్పినట్టే ఊహలు మాని, కొలిచి చూశాను.

నాది సిమ్యులేటెడ్ అనీలింగ్: జవాబును యాదృచ్ఛికంగా కొద్దికొద్దిగా మారుస్తూ, మొదట్లో నష్టం తెచ్చే మార్పులనూ కొన్నిసార్లు ఒప్పుకుని, పోనుపోను వాటిని తగ్గించే పద్ధతి. సీడ్‌ను (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను నిర్ణయించే తొలి సంఖ్యను) స్థిరంగా ఉంచినా స్కోరు కదలడం మొదట తికమక పెట్టింది. తప్పు గడియారంలో ఉంది: ఉష్ణోగ్రతను (నష్టపు మార్పులను ఎంతగా ఒప్పుకోవాలో చెప్పే అంకెను) గడిచిన సమయాన్ని బట్టి తగ్గిస్తున్నందున, యంత్రం కాస్త మందగించినా పునరావృతాల సంఖ్య మారి, వెతుకులాట వేరే దారి పడుతోంది.

ఇక లెక్క. ఒక్కో టెస్టు స్కోరు సగటుకు 5 శాతం అటూ ఇటూ చెదురుతుందనుకుంటే, 50 టెస్టుల సగటులో దాదాపు 0.7 శాతం అనిశ్చితి ఉంటుంది. 2000 టెస్టులకు అది 0.11 శాతానికి దిగుతుంది. 50 టెస్టులతోనే వేసే తాత్కాలిక పట్టికలో నా పైవారికీ నాకూ ఉన్న తేడా 0.3 శాతమే కాబట్టి, దాని గురించి నేను పడిన బాధంతా (సిగ్గుగానే ఉంది) వృథా.

ఇప్పుడు పాత, కొత్త ప్రోగ్రాములను ఒకే ఇన్‌పుట్‌లపై నడిపి, టెస్టువారీగా తేడాలనే చూస్తున్నాను. అలా చూస్తే నేను మురిసిపోయిన రెండు మార్పులు వట్టి కాకతాళీయమని తేలింది. మార్పు జరిగిన భాగానికే స్కోరు తిరిగి లెక్కించే పద్ధతి మాత్రం దాదాపు అన్ని టెస్టులలోనూ నిలబడింది. సీడ్లు మార్చి మళ్లీ మళ్లీ సమర్పించడం మానేశాను.