అప్‌డేట్: డల్లాస్‌లో అసలైన జర్మన్ తిండి దొరికింది (దాదాపు)

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేసి డల్లాస్ వచ్చాక అక్కడి తిండి మీద గాలి మళ్ళిందనీ, ఇక్కడ ఎక్కడ దొరుకుతుందో చెప్పమనీ పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చూసొచ్చాను.

మొదట వెళ్ళిన రెస్టారెంట్ పేరు చెప్పను. "వీనర్ ష్నిట్సెల్" (పల్చటి మాంసం ముక్కకి రొట్టెపొడి అద్ది వేయించేది) అని రాసి పోర్క్ పెట్టారు, పైనుంచి గ్రేవీ కుమ్మరించారు. జర్మనీలో ఆ పేరు పెట్టాలంటే దూడ మాంసమే ఉండాలి. పోర్క్ అయితే "వీనర్ ఆర్ట్" (వీనర్ పద్ధతిలో) అనో, పోర్క్ అనో పేరులో తెలిసేలా రాయాలి. అసలు ఆ కరకరలాడే పైపొర మీద గ్రేవీ పోయడానికి చేతులెలా వచ్చాయో!

ఎక్కువమంది చెప్పిన క్యూబీస్ మాత్రం నిరాశపరచలేదు. స్నైడర్ ప్లాజాలో 1961 నుంచీ ఉంది. ఒకపక్క హోటలు, ఇంకోపక్క సాసేజీలు, మస్టర్డ్ సాస్, జర్మన్ చాక్లెట్లు అమ్మే కొట్టు. బ్రాట్‌వుర్స్ట్ (జర్మన్ సాసేజీ), పుల్లటి క్యాబేజీ తింటుంటే పాత రోజులు గుర్తొచ్చాయి.

ఆల్డీ సూపర్‌మార్కెట్ వాళ్ళది జర్మన్ కంపెనీయే కదా, "డాయిచె క్యూషె" పేరుతో అప్పుడప్పుడూ సరుకు పెడతారు. ఎర్ర క్యాబేజీ సీసా బాగుంది.

ష్పెట్స్‌లె (గుడ్లతో చేసే మెత్తటి నూడుల్స్ లాంటివి) మాత్రం ఇంట్లోనే చేసుకున్నా. మైదా, గుడ్లు, కాస్త నీళ్ళు, ఉప్పు కలిపి, మరిగే నీళ్ళ మీద అమ్మ ఇచ్చిన బూందీ గరిటెలోంచి దూశాను. పొడుగ్గా రాలేదు, బొత్తాల్లా పడ్డాయి. వాటినే అక్కడ క్నొప్‌ఫ్లె అంటారు కాబట్టి పరువు దక్కింది.

రై (గోధుమ లాంటి ధాన్యం) పిండితో పులియబెట్టిన తాజా రొట్టె ఇంకా దొరకలేదు. ఎవరైనా కాల్చి అమ్ముతుంటే చెప్పండి.