ఆపరేషన్ రోజుల్లో బాబును ఎవరి దగ్గర ఉంచాలి?

అందరికీ నమస్కారం. మాది వరంగల్. మా ఆయన పోయి మూడేళ్లయింది, ఇంట్లో నేనూ ఆరేళ్ల బాబూ. నాకు గాల్‌బ్లాడర్‌లో (పిత్తాశయంలో) రాళ్లున్నాయి, లాపరోస్కోపీ చేసి, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, గాల్‌బ్లాడర్‌నే తీసేయాలన్నారు డాక్టర్లు. ఆరోగ్యశ్రీలో చేస్తామన్నారు కాబట్టి ఖర్చు టెన్షన్ లేదు. కానీ పేషెంటుకు తోడు ఒకరు ఉండాల్సిందేనట. అమ్మ నా దగ్గరుంటే బాబు ఎవరి దగ్గర? చుట్టాలను అడిగితే మాట మళ్లీ పెళ్లి దగ్గరికే పోతుంది.

ఈ సంగతి విన్నప్పటి నుంచి వాడు రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. నిన్న స్కూలు బ్యాగులో పుస్తకాలు తీసేసి దుప్పటి కుక్కుకున్నాడు, "నేనూ ఆసుపత్రికొస్తా" అని.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లు ఇలాంటప్పుడు ఎలా సర్దుకున్నారు? వాడికి ఎంతవరకు చెప్పాలి? ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకు స్కూటీ మీద పిల్లల్ని దింపగలిగారు?