సూపరింటెండెంట్ సీటు తీసుకోనా, క్రిటికల్ కేర్‌లోనే ఉండిపోనా?

భీమవరం ఐసీయూ:
అందరికీ నమస్తే అండి. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఇక్కడే ఒక ప్రైవేటు హాస్పిటల్ ఐసీయూలో చేరాను, ఇప్పటికీ అక్కడే. మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ సంక్రాంతి తర్వాత మానేస్తున్నారు, ఆ సీట్లో నన్ను కూర్చోమంటున్నారు. నైట్లు ఉండవట, జీతం కాస్త పెరుగుతుంది. పాప స్కూలుకెళ్తోంది కదా, ఇంకా ఎన్నాళ్లీ నైట్లు అని మా అత్తగారు, మా ఆయన ఒకటే పోరు. నాకేమో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేయాలని ఎప్పట్నుంచో ఉంది, కానీ రెండేళ్ల చదువు, అన్నాళ్లు ఇల్లెలా గడుస్తుందో తెలియదు. నాకు పేషెంటు దగ్గర ఉండటమే ఇష్టం. నాట్ల రోజుల్లో పాముకాటు కేసు వచ్చిందంటే, విషం నరాలకెక్కి కనురెప్పలు వాలుతున్నాయా, దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నాడా అని చూసుకుంటూనే, డాక్టరుగారు మెట్లెక్కి వచ్చేలోపు గొంతులోకి ఊపిరి గొట్టం వేసే ఇంట్యుబేషన్ ట్రే సర్ది పెట్టేస్తాను. ఆ పని వదిలేసి రోస్టర్లు వేసుకుంటూ కూర్చోగలనా? చేసినవాళ్లు చెప్పండి, బాగా టెన్షన్‌గా ఉంది.

తణుకు అక్క:
ముందు ఆ సీట్లో నీ చేతిలో ఏముంటుందో అడుగు చెల్లీ. నేను చేశాను ఆ ఉద్యోగం, ఎక్కడో చెప్పను. పేరుకి నర్సింగ్ అంతా నాదే. మనుషుల్ని తీసుకునేది హెచ్ఆర్, సెలవు ఇచ్చేది ఎండీ గారి భార్య, సిరంజీలు ఏవి కొనాలో చూసేది ఫార్మసీ, కానీ పొద్దున్న డ్యూటీకి ఎవరైనా రాకపోతే ఫోన్ మాత్రం నాకు. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటుకి ఒక నర్సు ఉండాలి, మామూలు వార్డులో ఐదు బెడ్లకి ఒకరు ఉండాలి, నర్సింగ్ కౌన్సిల్ లెక్క ఇదీ అని కాగితం పట్టుకెళ్తే చూసి నవ్వారు. నైట్లు ఉండవన్న మాట కూడా నమ్మకు, నైట్ సిస్టర్ హ్యాండిచ్చిందంటే వెళ్లి నిలబడేది నువ్వే. ఆయాల గొడవలు, ఆరోగ్యశ్రీ ఫైళ్లలో సంతకాలు, బిల్లు దగ్గర బంధువుల అరుపులు, ఇవన్నీ బోనస్.

కాకినాడ స్టాఫ్ నర్స్:
అక్కా, మీరన్నది నిజమే గానీ అన్నిచోట్లా అలాగే లేదండి. మా గవర్నమెంటు వాళ్లకైతే ఈ ప్రశ్నే రాదు, సీనియారిటీ వస్తే హెడ్ నర్సు, తర్వాత సూపరింటెండెంట్, ఇష్టం ఉన్నా లేకపోయినా. మా హెడ్ నర్సు గారు చార్జి తీసుకోగానే చేసింది ఒకటే: ఎమర్జెన్సీ మందులు, సామాన్లు ఉండే క్రాష్ కార్ట్‌కి సీలు వేయించి, ప్రతి షిఫ్టు హ్యాండోవర్‌లో గొట్టం వేసేటప్పుడు గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందో లేదో చూసి సంతకం పెట్టించారు. అంతకుముందు అర్ధరాత్రి ఎవరికైనా గుండె ఆగి అరెస్ట్ వస్తే బ్యాటరీలు వెతుక్కునేవాళ్లం, ఆయ్! అది మేనేజ్‌మెంట్ కాదంటారా? మీ హాస్పిటల్ ఎన్ఏబీహెచ్ అనే క్వాలిటీ గుర్తింపుకి వెళ్తుంటే బెడ్‌సోర్లు, మందుల పొరపాట్లు, క్యాథెటర్ ఇన్ఫెక్షన్లు అన్నీ లెక్క రాయాలి, ఆ లెక్క ఐసీయూలో చేసిన మనిషి చేతిలో ఉంటేనే ఉపయోగం.

రావులపాలెం టు రియాద్:
ఇక్కడ ఇంటర్వ్యూలో అడిగేవి ఏ యూనిట్, ఎన్ని బెడ్లు, వెంటిలేటర్ మోడ్స్ ఏవి వచ్చు, సీఆర్ఆర్‌టీ (ఐసీయూలో ఆపకుండా నడిపే డయాలసిస్) చేశావా, ఇవే. బయటికెళ్లే ఆలోచన ఏ మూలనైనా ఉంటే బెడ్‌సైడ్‌లో గ్యాప్ రానివ్వకు. కోర్సు సంగతి: అది రెసిడెన్సీ పద్ధతి, క్లాసులు తక్కువ, రెండేళ్లూ దాదాపు ఐసీయూలోనే. కాలేజీకి ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) అనుమతి ఉందో లేదో, స్టైపెండ్ ఎంతో చేరకముందే తేల్చుకో. చదివాక మన దగ్గర ఆ హోదాతో ఉద్యోగాలు ఇంకా తక్కువే, ఆ డబ్బు, కాలం పెట్టేముందు అది కూడా ఆలోచించు. ఇంట్లో రెండేళ్లు కుదరదంటే ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, క్రిటికల్ కేర్‌లోనే. నన్నడిగితే అదే.

భీమవరం ఐసీయూ:
చాలా థాంక్స్ అండి అందరికీ. డిప్లొమా సంగతి నాకు తట్టలేదు, కాలేజీలు కనుక్కుంటాను. ఈలోగా హాస్పిటల్ అంతా వద్దు, ఐసీయూ ఇన్‌చార్జిగా మాత్రమే చేస్తాను, వారంలో కొన్ని రోజులు పేషెంట్లను కూడా నాకు వేయండి, రోస్టరు, సెలవులు నా సంతకంతోనే జరగాలి అని కాగితం మీద అడుగుతాను. ఒప్పుకోకపోతే వదిలేస్తా. అత్తగారికి ఎలా చెప్పాలో మాత్రం మీరెవరూ చెప్పలేదు :)

తణుకు అక్క:
అది మీ ఆయన డ్యూటీ. సామాన్లు తెప్పించే ఇండెంట్ మీద సంతకం ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయించుకో, లేకపోతే గ్లవ్స్ అయిపోయిన రోజు ఫార్మసీ వాడు నీవైపే వేలు చూపిస్తాడు.