మొదటిసారి థెరపీకి వెళ్తున్నాను, లోపల ఏం జరుగుతుంది?

తొలిపొద్దు:
వచ్చే గురువారం నా మొదటి సెషన్. ఎనిమిది నెలలుగా సరిగా నిద్ర లేదు, ఏ పని మొదలుపెట్టినా గుండె దడ. అపాయింట్‌మెంట్ కోసం మూడుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టేశాను. తీరా తీసుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. అక్కడ కూర్చుని ఏం మాట్లాడాలి? ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఏడుపొస్తే ఎలా? నాకన్నా పెద్ద కష్టాల్లో ఉన్నవాళ్ల సమయం తినేస్తున్నానేమో అని కూడా అనిపిస్తోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మెట్లదారి:
తొలిపొద్దు గారూ, ఆఖరి మాట ముందు తీసేయండి. నిద్ర కరువై ఎనిమిది నెలలైతే అది చిన్న సంగతి కాదు.

మొదటిరోజు మాట్లాడే భారం మీమీదే ఉండదు. ఎక్కువగా వాళ్లే అడుగుతారు. ఎప్పటినుంచి ఇలా ఉంది, నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరున్నారు, మందులు ఏమైనా వాడుతున్నారా, మద్యం అలవాటుందా. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా నేరుగా అడుగుతారు. ఆ ప్రశ్న విని నేను ఉలిక్కిపడ్డాను, నా మొహంలో ఏం కనిపించిందో అని. ఏమీ కాదు, దాదాపు అందర్నీ అడుగుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు మాత్రం చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

నాచేత పీహెచ్‌క్యూ-9 అని, డిప్రెషన్ ఎంత ఉందో చూసే ఫారం నింపించారు. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నాకు 17 వచ్చింది. పరీక్ష తప్పినట్టు బెంగపెట్టుకున్నాను. కొన్నాళ్ల తర్వాత మళ్లీ నింపి పోల్చి చూసుకోవడానికే ఇది అని నా థెరపిస్ట్ చెప్పారు.

ఏడుపంటారా, ఆ గదిలో ఏడవని వాళ్లే తక్కువేమో. నేను ఏడ్చినంతసేపూ ఆవిడ తొందరపెట్టలేదు, ఓదార్చడానికీ ఆరాటపడలేదు. ఆగారు, అంతే. నాకు అదే నచ్చింది.

నీలిగొడుగు:
ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి అన్నీ మొదటిరోజే చెప్పేయండి. నేను దాచుకుని దాచుకుని నాలుగు సెషన్లు పోగొట్టుకున్నాను.

వానచినుకు:
నీలిగొడుగు గారితో నేను ఏకీభవించలేను. అన్నీ ఒక్కరోజే కుమ్మరించి ఇంటికొచ్చాక రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. చిన్నప్పటి దెబ్బలుంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. "దీని గురించి ఇప్పుడే మాట్లాడలేను" అనడం కూడా చెప్పడమే. మంచి థెరపిస్ట్ ఆ మాటను గౌరవిస్తారు.

ఇంకోటి. సెషన్ అయ్యాక అలసటగా, కొన్నిసార్లు ముందుకన్నా దిగులుగా కూడా ఉండొచ్చు. వెంటనే ఆఫీసు మీటింగ్ పెట్టుకోకండి. ఓ అరగంట నడిచి ఇంటికి వెళ్లండి. కానీ ఆ దిగులు వారాల తరబడి పెరుగుతూనే ఉంటే మాత్రం వాళ్లకు చెప్పాలి.

నీలిగొడుగు:
మీరన్నది నిజమేనండి. నాది దాచుకునే స్వభావం కాబట్టి నాకు అలా అనిపించింది.

గాలిపటం:
మనం చెప్పింది బయటికి పోతుందా అని చాలామందికి లోపల భయం. మామూలుగా పోదు. ప్రాణాపాయం ఉందనిపించినప్పుడు, పిల్లలపై హింస బయటపడినప్పుడు, కోర్టు అడిగినప్పుడు మాత్రం మినహాయింపులుంటాయి. చట్టాన్నిబట్టి వివరాలు మారతాయి కాబట్టి మొదటిరోజే అడగండి. అడిగితే తప్పుగా అనుకోరు.

మందుల సంగతి సైకియాట్రిస్ట్ చూస్తారు, వాళ్లు వైద్యులు. సైకాలజిస్ట్, కౌన్సెలర్ ముఖ్యంగా మాటల ద్వారా పనిచేస్తారు. కొందరికి రెండూ అవసరమవుతాయి.

మెట్లదారి:
ఒక్క మాట మరిచాను. గురువారం లోపే చచ్చిపోవాలనిపించేంతగా ముదిరితే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. దగ్గరివాళ్లకు చెప్పి అత్యవసర సాయం తీసుకోండి. ఇది చదివే అందరికీ చెబుతున్నాను.

రెండోగది:
నా అనుభవం వేరు. మొదటి థెరపిస్ట్‌తో నాకు కుదరలేదు. మూడు సెషన్లు వెళ్లాను. నేను ఉద్యోగం గురించి చెబుతుంటే ఆయన ప్రతిసారీ మా నాన్న దగ్గరికే తీసుకెళ్లేవారు. మనసు గట్టి చేసుకుని ఆ మాటే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, ఆలోచించి, నాకు తగినవాళ్లు వేరే ఉన్నారంటూ ఇంకొకరి దగ్గరికి పంపారు. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లోనే రాశాడు: ఎక్కడికి చేరాలి, అందుకు ఏం చేయాలి అన్న రెండింటిమీదా ఇద్దరికీ ఒప్పుదల ఉండాలి, ఇద్దరి మధ్యా నమ్మకం ఉండాలి. నాకు మొదటిదే లేదు.

రెండో ఆవిడ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ పరిశీలించి మార్చుకునే థెరపీ) చేశారు, సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో డిప్రెషన్ రోగులతో పనిచేస్తూ రూపొందించిన పద్ధతి. దీంట్లో ఇంటిపని ఉంటుంది. మనసు ముడుచుకున్న ప్రతిసారీ రాయాలి: ఏం జరిగింది, ఏం అనుకున్నాను, ఏమనిపించింది, దానికి రుజువేంటి. మేనేజర్ నా మెయిల్‌కి జవాబివ్వలేదు. "నామీద కోపం, ఉద్యోగం పోతుంది" అని రాశాను. రుజువు గడిలో రాయడానికి ఏమీ లేదు. ఖాళీ గడిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. అదే నాకు మలుపు.

వానచినుకు:
ఎన్నాళ్లు పడుతుందని అడగలేదు గానీ మనసులో ఉంటుంది. 1986లో కెన్నెత్ హోవర్డ్ బృందం పాత అధ్యయనాలను కలిపి చూస్తే, 8 సెషన్లకు దాదాపు సగం మందిలో, 26 సెషన్లకు సుమారు ముప్పాతిక మందిలో మెరుగుదల కనిపించింది. నాకు పద్నాలుగో సెషన్ దాకా తేడా తెలియలేదు. మీది ఎవరి లెక్కతోనూ పోల్చుకోకండి.

తొలిపొద్దు:
వెళ్లొచ్చాను. అడిగితే గొంతు పెగలదేమోనని నాలుగు వాక్యాలు కాగితంమీద రాసుకెళ్లాను. అవే చదివాను. చదవడం తప్పు కాదన్నారు.

50 నిమిషాల్లో 45 నిమిషాలు నిద్ర గురించే మాట్లాడాను. లేవబోతూ, అమ్మ చనిపోయిన నెలలోనే ఇది మొదలైందని నోటివెంట వచ్చేసింది. ఇంట్లో కూడా ఎవరితోనూ ఆ రెండూ కలిపి అనలేదు. థెరపిస్ట్ గడియారం చూడలేదు. "వచ్చేసారి ఇక్కణ్నుంచి మొదలుపెడదామా?" అన్నారు. సరేనన్నాను.

ఈలోగా ఎన్నింటికి పడుకున్నానో, ఎన్నింటికి లేచానో రాయమన్నారు. రెండు రాత్రులు రాశాను.