పల్స్ ఈసీఎం: టూల్ ఆకారాన్ని కంప్యూటర్ లెక్కకే వదిలేయవచ్చా?

గణితప్రియ: పల్స్ ఈసీఎం అంటే కరెంటును పల్స్‌లుగా (ఆగి ఆగి) పంపి, లోహాన్ని ద్రావణంలో కరిగిస్తూ ఆకారం తెచ్చే పద్ధతి. ఇందులో టూల్ జాబ్‌ను, అంటే ఆకారం తేవలసిన లోహపు ముక్కను, తాకదు. రెంటి నడుమ పది నుంచి యాభై మైక్రాన్ల సందులో సోడియం నైట్రేట్ ద్రావణం పారుతుండగా, ఆనోడ్‌గా (ధన ధ్రువంగా) ఉన్న జాబ్ పల్స్ పల్స్‌కూ కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఆ సందులోని విద్యుత్ పొటెన్షియల్‌ను లాప్లాస్ సమీకరణంతో సాధించి, వచ్చిన కరెంటు సాంద్రతను (ఉపరితలంలో ఒక్కో చోట ఎంత కరెంటు పారుతుందో) ఫారడే నియమంలో, అంటే పారిన చార్జిని బట్టి ఎంత లోహం కరుగుతుందో చెప్పే నియమంలో, పెడితే ఉపరితలం ఎంత వెనక్కి జరుగుతుందో తెలిసిపోతుంది. ఇంత తెలిశాక కూడా ఒక్కొక్క టూల్‌తో నాలుగైదు సార్లు జాబ్ కోసి, కొలిచి, టూల్‌ను దిద్దుకుంటూ కూర్చోవడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

పాత టూల్‌రూమ్: ఇనుముకు సంయోజకత (కరిగేటప్పుడు ఒక్కో పరమాణువు వదిలే ఎలక్ట్రాన్ల సంఖ్య) 2 అని పెట్టారా, 3 అని పెట్టారా? 2 అయితే ఆంపియర్-నిమిషానికి 2.2 ఘన మిల్లీమీటర్లు కరుగుతుంది. 3 అయితే 1.47 మాత్రమే. మూడో వంతు తేడా వచ్చే చోట మైక్రాన్ల ముచ్చట ఎందుకండీ?

గణితప్రియ: సంయోజకతను విడిగా ఊహించనక్కరలేదు. వేర్వేరు కరెంటు సాంద్రతల దగ్గర కరిగిన బరువును తూచి, పారిన చార్జితో భాగిస్తే సామర్థ్యపు వక్రరేఖ, అంటే ఏ సాంద్రత దగ్గర చార్జికి ఎంత లోహం కరుగుతుందో చూపే గీత, వస్తుంది. నైట్రేట్‌లో కరెంటు సాంద్రత తగ్గిన చోట ఆ సామర్థ్యం కూడా పడిపోతుంది కనుకనే పక్కగోడలు అనవసరంగా కరగవు. మోడల్ దాన్ని కూడా పట్టుకుంటుంది.

పాత టూల్‌రూమ్: తూచాలంటే ముందు కోయాలి కదా! కోత వద్దన్నది మీరే. మూడేళ్ల కిందట నేను పనిచేసిన చోట, బయటివారు చేసి ఇచ్చిన సిమ్యులేషన్‌ను నమ్మి ఇత్తడి టూల్ తయారు చేశాము. మొదటి జాబ్ సగంలో ఉండగానే ద్రావణం బయటికి వెళ్లే వైపు సందు సన్నబడి నిప్పురవ్వ లేచింది; టూల్ అంచు మీద మినపగింజంత నల్లమచ్చ మిగిలింది. లెక్కను ఎవరూ తప్పు పట్టలేదు, నేను టూల్ సరిగ్గా బిగించలేదన్నారు.

సన్నజాజి: ద్రావణం వాహకత (కరెంటును పారనిచ్చే గుణం) అంతటా ఒకటే అనుకుని ఆ సిమ్యులేషన్ చేసి ఉంటారు.

గణితప్రియ: అదే జరిగి ఉంటుంది. కాథోడ్ (రుణ ధ్రువమైన టూల్) దగ్గర పుట్టే హైడ్రోజన్ బుడగలు వాహకతను తగ్గిస్తాయి, వేడి డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున పెంచుతుంది. ఈ రెండూ ప్రవాహం వెంట ఎదురుబొదురుగా పనిచేస్తాయి. పల్స్‌ల మధ్య విరామంలో బుడగలూ వేడీ కొట్టుకుపోతాయి కనుక, ఆగకుండా పారే డీసీ కంటే పల్స్‌లోనే లెక్క నమ్మదగినది. కాకపోతే మిల్లీసెకన్ల పల్స్‌లను కోత ముగిసేదాకా ఒక్కొక్కటిగా లెక్కించడం సాధ్యం కాదు, సగటు తీస్తాము.

పాత టూల్‌రూమ్: సగటు తీసి, ఆ సగటులో బుడగల వాటా ఎంతో ఎక్కడి నుంచి తెచ్చారు?

గణితప్రియ: ట్రయల్ కొలతలకు సరిపోయేలా సర్దుతాము. అందులో దాచవలసినదేమీ లేదు.

పాత టూల్‌రూమ్: ఇప్పుడు బయటపడింది. లోపలికి వచ్చే వైపు ఇన్ని మైక్రాన్లు, బయటికి పోయే వైపు ఇన్ని అని నేను నోటుబుక్‌లో రాసుకున్న అంకెలకు మీ మోడల్‌ను సర్ది, చివరికి మోడల్ ముందే చెప్పిందని నివేదికలో రాస్తారు. అది ముందే చెప్పడం కాదు, నా అంకెలకు అచ్చు తీయడం. సంయోజకత గురించి నేను ఇందాకటి నుంచి అడుగుతున్నది కూడా అందుకే: ఏ అంకె మీది, ఏ అంకె నా కోత నుంచి వచ్చినది?

సన్నజాజి: ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

గణితప్రియ: మీ మాటలో కోపం ఉన్నా న్యాయం ఉంది. ఒక జాబ్ కొలతలతో బుడగల వాటాను ఒకసారి స్థిరపరచి, ఆ తర్వాత ఏ అంకెనూ ముట్టకుండా, వేరే ఆకారపు జాబ్‌కు సందును లెక్కగట్టి చెబితే ఒప్పుకుంటారా?

పాత టూల్‌రూమ్: ఒప్పుకుంటాను. అయితే లెక్కను నేను కోయకముందే ఇక్కడ అందరి ముందూ పెట్టాలి. నా కొలతలు ఆ తర్వాతే ఇస్తాను. సంయోజకత ఎంత పెట్టారో అది కూడా రాయండి.