క్రిస్మస్ అంటే షాపింగేనా? మీ ఇళ్ళల్లో ఇంకా ఏం మిగిలింది?

వైజాగ్‌లో క్రిస్మస్ చేసుకునేవాళ్ళని అడుగుతున్నా. డిసెంబర్ రాకముందే జగదాంబ నుంచి ద్వారకానగర్ దాకా ఆఫర్లే, ఫోన్ తీసినా ఆఫర్లే, మా చిన్నదేమో శాంటా ఈసారి ట్యాబ్ తెస్తాడా అని రోజూ అదే గోల. మా చిన్నప్పుడు జ్ఞానాపురంలో నాన్న వెదురు బద్దలు చీల్చి స్టార్ కట్టేవారు, మేం మైదా ఉడకబెట్టి ఆ జిగురుతో రంగు కాగితాలు అంటించేవాళ్ళం, సముద్రం గాలికి చిరిగితే మళ్ళీ అంటించడం, అదో పని. ఇప్పుడు ఇద్దరం ఉద్యోగాలే, పిండివంటలన్నీ బయట కొనేద్దాం అంటున్నారు మా ఆయన. అత్తయ్యగారు ఏమీ అనలేదు గానీ గులాబీ పువ్వుల అచ్చు తుడిచి అటక మీద పెట్టేశారు. అన్నీ చెయ్యలేం, మరి ఏది ఉంచుకోవాలి?

పాతపోస్టాఫీస్_కుర్రోడు:
మా ఇంట్లో యేసు పుట్టిన పశువుల పాకని బొమ్మలతో పెట్టడం మానలేదండి. పాలాయన దగ్గర కొంచెం గడ్డి అడిగి తెస్తాం, బొమ్మలు తాతగారి నాటివే, ఒక గొర్రెకి చెవి లేదు. బాలయేసుని మాత్రం 24 రాత్రి పూజయ్యి వచ్చాకే పెడతాం, అప్పటిదాకా తొట్టి ఖాళీయే. 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ అసిసి అనే సాధువు చేసింది కూడా ఇంతే కదా, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. పెద్ద ఖర్చేముంది!

గాజువాక_గుంట:
కొనుక్కుంటే తప్పేటండీ? మా అమ్మ రాత్రుళ్ళు పొయ్యి దగ్గరే నిలబడి అరిసెలు వండి పండగ పూట నడుం పట్టేసి పడుకునేది, ఆవిడకదేం పండగ? ఆ రోజుల్లో మాత్రం వ్యాపారం లేదా ఏటి, అప్పు చేసైనా అందరికీ కొత్తబట్టలు కొనేవోరు కదా. అరిసెలు కొనీండి, గులాబీ పువ్వులు ఇంట్లో చేసుకోండి, అవి అందరూ కూర్చుని చెయ్యొచ్చు. మగోళ్ళని కూడా కూర్చోబెట్టండి మరి.

భీమిలి_వంటిల్లు:
అక్కా, అచ్చు చాన్నాళ్ళు వాడలేదంటే ముందురోజు రాత్రే నూనెలో నానబెట్టు, లేకపోతే పిండి వదలదు. కాగే నూనెలో అచ్చు బాగా వేడెక్కాక పిండిలో ముప్పావు వంతే ముంచాలి, పైదాకా మునిగిందా ఇక ఊడదు. పిండిలో కొబ్బరిపాలు పోస్తే ఆ రుచే వేరు. పిల్లల్ని నూనె దగ్గరికి రానివ్వొద్దు, డబ్బాల్లో సర్దడం, పక్కిళ్ళకి పంచడం వాళ్ళకి అప్పజెప్పు, మా వాళ్ళు దానికోసమే కొట్టుకుంటారు.

అడిగినామె:
థాంక్సండీ అందరికీ. మా ఆయన చేతే అచ్చు దింపించా, పిండి కలపడం కూడా ఆయనకే ఇచ్చా, అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని తప్పులు పడతారట. అరిసెలు కొంటున్నాం. ట్యాబ్ లేదు, శాంటాకి ఈఎంఐ ఇవ్వరని చెప్పేశా, రెండ్రోజులు అలిగింది. ఇంతకీ వెదురు బద్దలు పూర్ణామార్కెట్ వైపు ఇంకా దొరుకుతున్నాయా, ఎవరైనా ఈమధ్య చూశారా?